మళ్లీ పులిహోరేనా?

ఆ మాటన్నాయన పేరు నాకు తెలియదు. గాంధీ ఆసుపత్రి గోడ పక్కన, రాత్రి ఎనిమిది దాటాక, ఫుట్‌పాత్ మీద నిలబడ్డ వరసలో మధ్యలో ఎక్కడో ఉన్నాడు. తలకి మఫ్లర్, చంకలో చుట్టి పెట్టుకున్న పట్టా. పొట్లం చేతికందగానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇయ్యాల గూడ పులిహోరేనా అన్నా?" అన్నాడు. కోపమేమీ లేదు ఆ గొంతులో. వరసగా మూడోరోజు కూడా బీరకాయ కూరే కనిపిస్తే ఇంటాయన కంచం ముందు కూర్చుని ఎలా అంటాడో, అలాగే అన్నాడు. పొట్లాలు పంచుతున్న కుర్రాడి మొహం మాడిపోయింది. మధ్యాహ్నం మూడింటి నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డవాడు, గోళ్ల సందుల్లో ఇంకా పసుపు పోలేదు. "ఊరికే పెడితే వంకలొకటి" అని గొణిగాడు. ఆయన విన్నాడో లేదో, పొట్లం పట్టుకుని గోడ వారగా వెళ్లిపోయాడు. వరస ముందుకు జరిగింది. నాకు మాత్రం ఆ రెండు మాటలూ ఇంటిదాకా వెంట వచ్చాయి. అడిగినాయనది తప్పా? గొణిగిన పిల్లాడిది తప్పా? అసలిందులో తప్పనేది ఉందా?

ఆదివారాలు అన్నం వండి పంచే మా బృందంలో, పులిహోర ఎందుకు చేస్తామో ఎవర్నడిగినా చెబుతారు. ఆదివారం మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్లు పక్కకి జరిపి, రెండు గ్యాస్ భట్టీలు దింపి, అద్దెకు తెచ్చిన గుండిగల్లో అన్నం వారుస్తారు. ఉతికిన పాత పంచెలు పరిచి దానిమీద అన్నం ఆరబోస్తే ఆవిరికి సెల్లారంతా మబ్బు పట్టినట్టవుతుంది. పసుపు, నూనె చల్లి గరిటె వెనక వైపుతో మెతుకు విరక్కుండా కలపడం ఒక పెద్దావిడ పని, ఇంకొకరిని ముట్టనివ్వదు. చింతపండు గుజ్జు చిక్కబడి నూనె పైకి తేలేదాకా ఉడకాలి. ఆవాలు, మినప్పప్పు, పల్లీలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువ. పోపు వాసన మూడో అంతస్తుదాకా పోతుంది. కిలో బియ్యానికి ఎనిమిది పొట్లాలు. పక్కన కూర అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు, కారిపోదు, తడిసిపోదు. అన్నిటికన్నా ముఖ్యం, పాడవదు. బియ్యంలో కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవనీ, అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ మూతపెట్టి ఉంచితే అవి పెరిగి వాంతులు పట్టుకుంటాయనీ మా బృందంలో ఉన్న ఒక డాక్టరమ్మ మొదటిరోజే హెచ్చరించింది. చింతపండు పులుపు ఆ బెడదని చాలావరకు ఆపుతుంది. మన పెద్దవాళ్లు రైలు ప్రయాణాలకి పులిహోర కట్టుకున్నది రుచి కోసమేనా? పైగా ప్లాస్టిక్ డబ్బాలు వద్దనుకున్నాం. న్యూస్‌పేపర్‌లో కట్టొద్దని ఆహార భద్రతా సంస్థే చెప్పింది, సిరా నూనెకి అంటుకుంటుంది కాబట్టి. ఇక మిగిలింది విస్తరాకు ముక్క, దానిమీద రబ్బరు బ్యాండు. ఆ పొట్లంలో పప్పన్నం ఆగుతుందా? ఇన్ని కారణాలున్నాయి పులిహోరకి. అన్నీ మంచి కారణాలే. ఒక్కటి కూడా తినేవాడి నాలుకకి సంబంధించింది కాదు.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. సెల్లార్‌లో ఈ సామెత కనీసం వారానికోసారి వినిపిస్తుంది, ఉప్పు సరిపోయిందా అని ఎవరైనా సందేహం వెలిబుచ్చినప్పుడు. ఒకపూట ఆకలికైతే ఇది నిజమే. పెళ్లిలో ముహూర్తం ఆలస్యమై మధ్యాహ్నం మూడింటికి విస్తట్లో కూర్చున్నవాడికి ఏం పెట్టినా అమృతమే. ఏళ్ల తరబడి ఆకలిగా ఉన్నవాడి సంగతి? వాడికి రుచి తెలియకపోవడం కాదు, రుచి తప్ప ఇంకోటి గుర్తుండదేమో. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. మా తాతయ్య రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, ఇలా ఏడు ఇళ్లలో ఏడు రోజులు అన్నం. ఎనభై దాటాక, నిన్న పొద్దున్న ఏం తిన్నాడో గుర్తులేని వయసులో, ఏ వారం ఇంట్లో గోంగూర బాగా చేసేవారో, ఏ ఇంట్లో చారు నీళ్లలా ఉండేదో, ఎవరు మజ్జిగ పొయ్యడానికి చెయ్యి వెనక్కి లాగేవారో వరసగా చెప్పేవాడు. శుక్రవారం ఇంట్లో పొట్లకాయ తప్ప వండేవాళ్లు కారట. వద్దనడానికి వీల్లేదు, వారాలబ్బాయి కూర వద్దంటే మర్నాటికి ఊరంతా తెలుస్తుంది. తర్వాత ఉద్యోగం వచ్చి, ఇల్లొచ్చి, అరవయ్యేళ్లపాటు మా అమ్మమ్మ చేతి వంటలో ఆయన ఉప్పుకీ పులుపుకీ పెట్టిన వంక పెట్టకుండా పెట్టాడు. పొట్లకాయ గుమ్మం దాటి లోపలికి రాలేదు. మేం చాదస్తం అనుకునేవాళ్లం. చిన్నప్పుడు నోట్లో నొక్కిపెట్టిన మాటలన్నీ ఆయన అప్పుడు వడ్డీతో సహా అంటున్నాడేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

పెట్టిన తిండికి వంకపెట్టడం మన సాహిత్యానికి కొత్తేం కాదు. పల్నాడు వెళ్లిన శ్రీనాథుడు అక్కడి జొన్నకూడు గురించి చెప్పినట్టు ప్రచారంలో ఉన్న చాటువులు తెలుగువాళ్లకి నోటికి వచ్చు. సన్నబియ్యం తినే కవి అతిథిగా వెళ్లిన చోట జొన్నకూడు పెడితే ఎకసెక్కమాడాడు, దేవుణ్ణి కూడా అందులోకి లాగాడు. మనం ఆరువందల ఏళ్లుగా నవ్వుకుంటున్నాం, రసికుడంటే ఆయనే అంటున్నాం. పల్నాటి ఇల్లాలికి ఎలా ఉండి ఉంటుందో మటుకు అడగలేదు లెండి. ఆయనే భీమేశ్వర పురాణంలో వ్యాసుడి కథ చెప్పాడు. కాశీలో ఇల్లిల్లూ తిరిగినా భిక్ష దొరక్క, కడుపు మండి, ఊరిని శపించబోయేదాకా వచ్చాడు వేదాలు విభజించిన మహానుభావుడు. అన్నపూర్ణ అన్నం పెట్టింది, శివుడు ఊళ్లోంచి పొమ్మన్నాడు, వ్యాసుడు మా గోదావరి జిల్లా దాక్షారామం దారి పట్టాడు. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడు కోపం వచ్చిన ఋషి తప్పు చేశాడని చెప్పారు. ఇప్పుడు చదివితే అందులో ఆకలిగొన్న మనిషి కోపమే కనిపిస్తోంది, దాన్ని దాచకుండా రాసిన కవి కనిపిస్తున్నాడు. కవి వంకపెడితే చాటువు, ఋషి కోప్పడితే పురాణం. మఫ్లర్ కట్టుకున్నాయన ఒక ప్రశ్న వేస్తే వంకర మాట. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు నేనే సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

ఆయన ప్రశ్నకి మాత్రం జవాబు తర్వాత దొరికింది. ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టు నడిపే అతను చెప్పాడు. శనివారం మధ్యాహ్నం వెంకటేశ్వరస్వామి పేరు మీద ఒక బృందం వస్తుంది, పులిహోర. శనివారం రాత్రి ఎవరిదో పుట్టినరోజు, పులిహోర, దాంతో పాటు కేకు ముక్క. ఆదివారం పొద్దున గుడి దగ్గర నుంచి ఆటోలో, పులిహోర. రాత్రికి మేం. పెట్టేవాళ్లకి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తినేవాళ్లకి అందరి సంగతీ తెలుసు. గురువారం సాయిబాబా భక్తులు కిచిడీ తెస్తారు. శుక్రవారం ఎక్కడైనా బగారా అన్నం దొరుకుతుంది, రంజాన్ నెలలో సాయంత్రాలు బాగుంటాయి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్ల నుంచి రాత్రి పదకొండున్నరకి మిగిలిన బిర్యానీ వస్తుంది, నిద్రపోయేవాళ్లని లేపి పెడతారు. మూఢం వస్తే అదీ ఉండదు. "మంగళారం, బుధారం ఎవ్వరు రారు సార్" అన్నాడు గ్లాసులు కడుగుతూ. వానపడ్డ రోజు కూడా రారు. మేమూ వెళ్లలేదు, వానపడ్డ ఆదివారాలు. పుణ్యానికో పంచాంగం ఉంది, తిథులు, వారాలు, పుట్టినరోజులు, తద్దినాలు, సాఫ్ట్‌వేర్ కంపెనీల సెలవులు అన్నీ అందులో ఉన్నాయి. ఆకలికి అలాంటిదేం లేదు. ఆ రెండూ కలిసిన పూట ఆ గోడ పక్కన నాలుగు రకాల పులిహోర ఉంటుంది, పొట్లాలు విప్పకుండానే కుక్కలకి పోతాయి. కలవని పూట టీ, బన్ను. ఎవరి తప్పూ లేకుండానే ఇలా జరుగుతోంది, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది.

డొక్కా సీతమ్మ గారి గురించి మా అమ్మమ్మ చెప్పినవి అప్పట్లో దేవతల కథల్లా వినేవాణ్ణి. మా ఊరికి లంకల గన్నవరం ఎంతో దూరం కాదు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారిని చేసుకుని ఆ ఊరికి కాపురానికి వచ్చిందావిడ. 1909లో పోయేదాకా ఆకలితో వచ్చినవాళ్లకల్లా వండిపెట్టింది. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాల్లో ఆవిడ ఫొటో పెట్టారని చెప్పుకుంటారు. వైనతేయ గోదావరి మీద అక్విడక్టుకీ, 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. ఇవన్నీ గౌరవాలు. నాకిప్పుడు పట్టుకున్నది మాత్రం ఆ ఊరు ఎక్కడుందన్నది. గోదావరి పాయల మధ్య లంక సీమ. రేవు దాటాలంటే పడవ రావాలి, వరదొస్తే పడవ రాదు. పడవ తప్పిపోయినవాడు ఏ అర్ధరాత్రో తలుపు తడతాడు, బాలింతతో వచ్చినవాళ్లు తెల్లవారుజామున వస్తారు. అంటే వేళ ఆవిడ చేతిలో లేదు. పొయ్యి ఎప్పుడు వెలిగించాలో ఆవిడ కాదు, గోదావరీ పడవలవాళ్లూ నిర్ణయించారు. ఆవిడ ఎన్నాళ్ల కోరికో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరితే, దారిలో ఒక పెళ్లివారి గుంపులో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్లు గన్నవరం వెళ్లగానే సీతమ్మగారు అన్నం పెడుతుందని ఊరుకోబెట్టడం విని, పల్లకీ వెనక్కి తిప్పించిందని చెబుతారు. అమ్మమ్మ ఇక్కడ కళ్లు ఒత్తుకునేది. నాకు ఇప్పుడా కథలో కనిపించేది త్యాగం కన్నా ఒక లెక్క. యాత్రకి మంచిరోజు చూసుకునే బయల్దేరి ఉంటుంది కదా. ఆ మంచిరోజు పక్కకి పోయింది, పెళ్లివారి వేళ ముందుకొచ్చింది. మా ఆదివారాన్ని మంగళవారానికి మార్చుకోవడానికి మాకు నెలల తరబడి వాట్సాప్‌లో వాదన నడిచింది. పోలిక అన్యాయమని తెలుసు. ఆవిడకి ఉద్యోగం లేదు, సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగు లేదు. వంటకి తోడు చెయ్యి వేసినవాళ్ల పేర్లేవీ కథల్లోకి రాలేదు కూడా.

వేళ ఒకటి, వడ్డన ఇంకోటి. బంతిలో కూర్చున్నవాడికి ఒక సౌకర్యం ఉంది. వడ్డించేవాడు కూర గిన్నెతో రెండోసారి వస్తాడు. కావాలంటే విస్తరి కొంచెం ముందుకి జరపొచ్చు, వద్దంటే దానిమీద చెయ్యి అడ్డం పెట్టొచ్చు. 1985లో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా తిరుమలలో నిత్యాన్నదానం మొదలైంది. ఇప్పటికీ అక్కడ కోటీశ్వరుడూ కూలీ పక్కపక్కన కూర్చుంటారని మురిసిపోతాం గానీ, నేనైతే ఆ చేతుల్నే చూస్తాను. సాంబారు వద్దనే చేతులు, ఇంకొంచెం అన్నమనే చేతులు. అమృతసర్ లంగరులో రొట్టెకి రెండు అరచేతులు కలిపి చాపుతారు, పప్పు చాలంటే వడ్డించేవాడు అడుగు ముందుకేస్తాడు. పొట్లంలో ఇదేం లేదు. చేతిలో పెట్టాక వరస జరగాలి. ఎక్కువైనవాడికీ అదే, చాలనివాడికీ అదే, పళ్లు లేని ముసలమ్మకి కూడా అవే పల్లీలు. 2014లో నాంపల్లి సరాయి దగ్గర మొదలైన ఐదు రూపాయల భోజన కేంద్రాల ముందు నేను అప్పుడప్పుడూ నిలబడి తిన్నాను. నగరంలో వాటి పేర్లు మారాయి, ఐదు రూపాయలు మారలేదు. అక్కడొకరోజు ఆటో డ్రైవర్ ఒకాయన, పప్పు నీళ్లలెక్క ఉంది ఏందమ్మా అని కౌంటర్‌లో అమ్మాయిని నిలదీశాడు. ఆమె కూడా తగ్గలేదు, పప్పు ఆమె వండలేదని గట్టిగానే చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ ఆయన్ని వింతగా చూడలేదు. ఐదు రూపాయలతో పప్పు రాదు, ఇంధనం కూడా రాదు, మిగతాది నగరపాలక సంస్థ భరిస్తోంది. అయినా ఆ నాణెం చెల్లించినవాడికి గొంతు వచ్చింది. మరి చేతిలో ఐదు రూపాయలు లేనివాడి గొంతుకి ఎంత ఖరీదు కట్టాలి?

ఫ్లైఓవర్ కింద ఒకామె ఉంది. మూడు ఇటుకలు, ఒక మసిబారిన గిన్నె, పక్కన ఫర్నిచర్ దుకాణం వాళ్లు పారేసిన చెక్కముక్కలు. మేం పొట్లం ఇవ్వబోతే తీసుకోలేదు. "పొట్లం వద్దు బిడ్డా, రొంత నూనె ఉంటే ఇయ్యి" అంది. గిన్నెలో చారు కాగుతోంది, రైతుబజారులో ఏరుకున్న టమాటాలతో. పోపు లేదు. మా దగ్గర నూనె లేదన్నాం, ఆ రాత్రి దగ్గర్లో కొట్టేదీ తెరిచి లేదు. నిజానికి ఆ పొట్లంలోనే అరగరిటె నూనె ఉంది, ఆమెకి పనికొచ్చే రూపంలో కాదు. రేషన్ కార్డుకి చిరునామా అడుగుతారు, గ్యాసు కనెక్షన్‌కి చిరునామా అడుగుతారు, వండుకోవడానికి మాత్రం మూడు ఇటుకలు చాలునని ఆమె అనుకుంటోంది. అవీ ఎప్పుడో ఒక పొద్దున మున్సిపల్ బండి ఎత్తుకుపోతుంది. 2011 జనాభా లెక్కల్లో ఇలాంటివాళ్లని లెక్కపెట్టడానికి ఒకే ఒక రాత్రి కేటాయించారు, ఫిబ్రవరి 28. వంతెనల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, హ్యూమ్ పైపుల్లో పడుకున్నవాళ్లని వెతికి రాసుకుంటే దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. వాళ్లేం తిన్నారన్నది ఆ ఫారంలో ఉండే ప్రశ్న కాదు. పైగా ఆసుపత్రి గోడ పక్కన వరసలో సగంమంది ఆ లెక్కలోకి రారు. వాళ్లకి ఊళ్లో ఇల్లుంది, పొలం కూడా ఉండొచ్చు. ఆదిలాబాద్ నుంచో నారాయణపేట నుంచో రోగిని వార్డులో చేర్చి, ఒక్కరినే లోపలికి రానిస్తారు కాబట్టి మిగతావాళ్లు గోడ బయట పడుకుంటారు. నెలరోజులు అలా గడిచాక, వాళ్లకీ మఫ్లర్ ఆయనకీ చూపుకి తేడా తెలియదు. 2020 లాక్‌డౌన్‌లో మేడ్చల్ దగ్గర నాగపూర్ హైవే మీద ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీలకి అన్నం పంచుతున్నప్పుడు కూడా ఇంతే. పొట్లం తీసుకుని, చెప్పులున్నాయా అని అడిగారు చాలామంది. అన్నం మా దగ్గర ఉన్నది, చెప్పులు వాళ్లకి కావలసినవి.

ఇదంతా చెబితే, మరి వండటం మానేద్దామా అని అడిగింది గరిటె పెద్దావిడ. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంత ఆలోచించేవాళ్లు మామూలుగా గరిటె పట్టరు, గరిటె పట్టేవాళ్లు ఇంత ఆలోచించరు, అది మాత్రం నిజం. అడగాలంటే అడుగుదాం అన్నాడు ఆరోజు గొణిగిన కుర్రాడే. పొట్లాలు ఇచ్చేటప్పుడు కాదు, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, టీ కొట్టు దగ్గర కూర్చుని అడిగాడు. ఎవరూ విందు భోజనాలు అడగలేదు. పప్పు కావాలన్నారు, మెత్తగా. కారం తగ్గించమన్నారు. మంచినీళ్లు అడిగారు, చేతులు కడుక్కోవడానికి వేరే నీళ్లు అడిగారు. మంగళవారం రమ్మన్నారు. ఒకరిద్దరు మాత్రం, అన్నం ఎన్నాళ్లు తింటాం, జొన్నరొట్టె దొరకదా అన్నారట.

జొన్నరొట్టె మాట వచ్చేసరికి సెల్లార్‌లో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కోస్తా నుంచి వచ్చినవాళ్లం ఎక్కువమందిమి, ఎవరికీ చేతకాదు. స్టీలు గిన్నెలు తిరిగి ఇచ్చే పద్ధతిలో పప్పన్నం వడ్డిద్దామన్నారు, గిన్నెలు ఎవరు కడుగుతారని వాదన మొదలైంది. ఆ గొడవలో వాచ్‌మన్ భార్య, జహీరాబాద్ వైపు మనిషి, ఇంతకాలం కరివేపాకు దూసి పెట్టడం తప్ప నోరు తెరవనిది, గుండిగ మీద మూత పెడుతూ అంది: "జొన్నరొట్టె నాకొస్తది. గని ఒక్కదాన్ని ఇంతమందికి యాడ జేస్త? ఇద్దరు పిండి కలిపి ఇయ్యాలె. మసిలే నీళ్లు పోసి కలపాలె మల్ల. సల్లనీళ్లు పోస్తే అంచులు పగిలిపోతయ్, అప్పుడు నన్ననొద్దు."